ఫుకెట్‌లో విల్లా కొన్నాం అంటే, అసలు కొన్నది ఏమిటి?

మా బావగారు ఆ ఫైలు తెచ్చి మారతహళ్ళిలో మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద పెట్టేటప్పటికి రాత్రి తొమ్మిదిన్నర అయింది. నీలం రంగు ప్లాస్టిక్ ఫోల్డర్. లోపల ఒప్పంద పత్రం, డబ్బు పంపిన బ్యాంకు కాగితాలు, బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తున్న బ్రోషర్. "నువ్వు రోజూ చూసేవి ఇవే కదమ్మా, ఒకసారి చదివి చెప్పు. బిల్డర్ మీద కేసు వెయ్యొచ్చా?" అన్నారు. అక్క ఏమీ మాట్లాడలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

నాది హిందూపురం. పద్నాలుగేళ్ళుగా బెంగళూరులో ఒక లాయర్ ఆఫీసులో ఆస్తి పత్రాలు పరిశీలించే పని చేస్తున్నాను. సర్జాపురం సైట్లు, హోస్కోటె పొలాలు, వైట్‌ఫీల్డ్ ఫ్లాట్లు. తల్లి పత్రం, ఈసీ, ఖాతా, కన్వర్షన్ ఆర్డర్ ఇవే నా లోకం. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ ద్వీపం కాగితం చేతికి రావడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఇలాంటివే ఇంకో మూడు ఫైళ్ళు వచ్చాయి, మూడూ మన తెలుగువాళ్ళవే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

బావగారి కథ చెప్పుకోవడానికి చిన్నదే. 2023లో ఒక ఆదివారం ఇక్కడి పెద్ద హోటల్ హాల్లో విదేశీ ఆస్తుల ప్రదర్శన పెడితే ఇద్దరూ వెళ్ళారు. ఫుకెట్ పడమటి తీరంలో, సొంత ఈతకొలనుతో విల్లా. ధర 80 లక్షల బాత్‌లు, అప్పట్లో మన రూపాయల్లో దాదాపు రెండు కోట్లు. వాయిదాల్లో సగం కట్టేశారు. 2025 చివరికి తాళాలు చేతికిస్తామన్నారు. పిల్లర్లు లేచాయి, స్లాబు పడింది, అక్కడ ఆగింది. మొదట్లో ఫొటోలు పంపేవాళ్ళు. తర్వాత ఫోన్ ఎత్తడం కూడా మానేశారు.

ఫైలు రెండుసార్లు చదివాక నాకు తోచింది ఒకటే. ఈ గొడవ బిల్డింగ్ ఆగినప్పుడు మొదలవలేదు. "విల్లా కొన్నాం" అని బంధువులకు ఫోన్ చేసి చెప్పిన రోజే మొదలైంది. ఎందుకంటే ఆ ఫోల్డర్‌లో అమ్మకం పత్రం లేదు. ఉండే అవకాశం కూడా లేదు.

ఒకే మాట కింద నాలుగు సరుకులు

థాయ్‌లాండ్ భూచట్టం ప్రకారం విదేశీయులు అక్కడ నేల కొనలేరు. 4 కోట్ల బాత్‌ల పెట్టుబడి పెట్టినవాళ్ళకు ప్రభుత్వ అనుమతితో ఒక రాయ్, అంటే 1,600 చదరపు మీటర్ల వరకు ఇచ్చే మినహాయింపు ఉంది కానీ, మనలాంటివాళ్ళకు అది అందేది కాదు. మరి హాల్లో స్టాళ్ళు పెట్టి అమ్మేది ఏమిటి? వాళ్ళు "ఓనర్‌షిప్" అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు సరుకులు అమ్ముతున్నారు.

మొదటిది కాండో, అంటే అపార్ట్‌మెంట్ ఫ్లాట్. 1979 నాటి కాండోమినియం చట్టం కింద నమోదైన భవనంలో మొత్తం ఫ్లాట్ల విస్తీర్ణంలో 49 శాతం వరకు విదేశీయుల పేరు మీద ఉండొచ్చు. ఆ కోటాలో దొరికితే హక్కు పత్రం మీ పేరుతోనే వస్తుంది. నాలుగింటిలో గట్టిది ఇదే. కోటా నిండిపోయిన భవనంలో అదే ఫ్లాటును లీజు మీద ఇస్తారు. బ్రోషర్‌లో బొమ్మ ఒకటే, హక్కు మాత్రం వేరు. 2024లో అక్కడి ప్రభుత్వం 49ని 75 చేయడం, లీజును 99 ఏళ్ళకు పెంచడం గురించి పరిశీలించమని హోంశాఖకు చెప్పింది. పరిశీలన వేరు, చట్టం వేరు. స్టాల్లో మాత్రం రేపో మాపో వచ్చేస్తుందన్నట్టు చెబుతారు.

రెండోది లీజు. విల్లాల్లో ఎక్కువ భాగం ఇదే. దీని గురించి కాసేపట్లో వివరంగా చెబుతాను.

మూడోది కంపెనీ దారి. థాయ్ జాతీయులకు 51 శాతం వాటా ఉన్న కంపెనీ పెట్టి, దాని పేరు మీద నేల కొని, కంపెనీని మీ చేతిలో ఉంచుతామంటారు. వాటాదారులుగా పేరుకు మాత్రం ఎవరో ఉంటారు. అక్కడి విదేశీ వ్యాపార చట్టం, 1999 ప్రకారం అలా బినామీగా నిలబడినా, నిలబెట్టినా మూడేళ్ళ వరకు జైలు, లక్ష నుంచి 10 లక్షల బాత్‌ల వరకు జరిమానా. పైగా నేలను అమ్మేయమని ల్యాండ్ డిపార్ట్‌మెంట్ ఆదేశించవచ్చు. బినామీ మాట వినగానే మనకు ఒళ్ళు జలదరిస్తుంది. "నామినీ స్ట్రక్చర్" అంటే మాత్రం ఏదో పెద్ద ప్లానింగ్‌లా వినిపిస్తుంది. రెండూ ఒకటే. ఈ దారిన వెళ్ళినవాళ్ళకు డెవలపర్‌తో గొడవ వస్తే కోర్టుకెళ్ళడానికే భయం. ఫిర్యాదు చేస్తే ముందు తమ తప్పే బయటపడుతుంది.

నాలుగోది, ఏదీ రిజిస్టర్ కాని ఉత్త ఒప్పందం. కట్టకముందే కొన్నవాళ్ళు కట్టడం పూర్తయ్యేదాకా ఉండేది ఈ మెట్టు మీదే. డబ్బు సగం పైగా వెళ్ళిపోయి ఉంటుంది. ల్యాండ్ ఆఫీసు పుస్తకంలో మాత్రం వాళ్ళ పేరుండదు. మా బావగారు ఆగిపోయింది సరిగ్గా ఇక్కడే.

30 + 30 + 30

బెంగళూరులో ఉండేవాళ్ళకు లీజు అంటే వేరే అర్థం ఉంది. ఇంటి ఓనర్‌కు ఒకేసారి పాతిక లక్షలో ముప్పై లక్షలో ఇచ్చేస్తాం, నెల అద్దె ఉండదు, ఖాళీ చేసేటప్పుడు ఆ డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది. లీజు అనగానే మనవాళ్ళ మనసులో ఆ బొమ్మే ఉంటుంది. బావగారు కూడా "లీజే కదా, డబ్బెక్కడికి పోతుంది" అనుకున్నారట. ఫుకెట్ లీజులో వెనక్కి వచ్చేది ఏమీ లేదు. 30 ఏళ్ళ అద్దె ముందుగానే కట్టేసినట్టు లెక్క.

థాయ్ సివిల్ కోడ్ 540వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి లీజు 30 ఏళ్ళు దాటకూడదు. ఎక్కువ రాసుకున్నా 30కే దిగుతుంది. గడువయ్యాక మళ్ళీ రాసుకోవచ్చు. ఈ "రాసుకోవచ్చు" అన్న దాన్నే బ్రోషర్లు 30 + 30 + 30 చేసి, 90 ఏళ్ళు అని పెద్ద అక్షరాలతో వేస్తాయి. మొదటి 30 రిజిస్టర్ అయ్యే హక్కు. తర్వాతి 60 ఏళ్ళు ఈరోజు సంతకం పెట్టిన యజమాని ఇస్తున్న మాట మాత్రమే. ఆ నేల మధ్యలో ఇంకొకరి చేతికి పోయిందనుకోండి, కొత్త యజమాని నడుస్తున్న లీజును గౌరవించాలి. అది 569వ సెక్షన్. పొడిగిస్తానన్న పాత యజమాని మాట మాత్రం అతన్ని కట్టేయదని అక్కడి సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. 30 ఏళ్ళలో నేల చేతులు మారకుండా, కంపెనీ మూతపడకుండా ఉంటుందని ఎవరు పూచీ పడతారు?

ఇంకో రెండు సంగతులు. మూడేళ్ళు మించిన లీజు ల్యాండ్ ఆఫీసులో రిజిస్టర్ కాకపోతే మూడేళ్ళ వరకే చెల్లుతుంది. రెండోది, లీజును కోర్టులు కౌలుదారు వ్యక్తిగత హక్కుగా చూస్తాయి. వారసులకు వెళ్ళాలని పత్రంలో విడిగా రాసుకోకపోతే మనిషితోనే అదీ పోతుంది. పిల్లలకు ఉంటుందని కొన్నవాళ్ళు ఈ ఒక్క వాక్యం కోసం ఫైలంతా వెతుక్కోవాలి. 2019లో వచ్చిన ఒక కొత్త చట్టం 30 ఏళ్ళ వరకు వారసులకు వెళ్ళే, తాకట్టు పెట్టుకోగల హక్కును కల్పించింది. కానీ నా దగ్గరకు వచ్చిన నాలుగు ఫైళ్ళలో ఒక్కదాంట్లోనూ ఆ పేరు కనబడలేదు.

విల్లా విషయంలో నేల వేరు, కట్టడం వేరు. నేలను లీజుకు తీసుకుని, కట్టడాన్ని మాత్రం విదేశీయులు తమ పేర పెట్టుకోవచ్చు. అప్పుడు కట్టడం అనుమతి ఎవరి పేరుతో తీశారన్నది కీలకం. బావగారి విల్లాకు అనుమతి డెవలపర్ పేరుతో ఉంది. ఆయన పేరు ఎక్కడా లేదు.

గరుత్మంతుడి రంగు

థాయ్ భూమి పత్రాల మీద పైన రెక్కలు విప్పిన గరుడ ముద్ర ఉంటుంది. అది అక్కడి రాజముద్ర. మన గుళ్ళలో చూసే గరుత్మంతుడే. జెరాక్స్‌లో చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. అసలు పత్రం మీద రంగు చూడాలి. ఎరుపు గరుడ ఉంటే చనోట్, అంటే సర్వే చేసి హద్దు రాళ్ళు పాతిన పూర్తి హక్కు పత్రం. ఆకుపచ్చ ఉంటే నోర్ సోర్ 3 గోర్. ఏరియల్ ఫొటోల ఆధారంగా హద్దులు గుర్తించిన అనుభవ హక్కు పత్రం. నలుపు ఉంటే నోర్ సోర్ 3, హద్దుల మాట ఇంకా వదులు.

బావగారి ఫైల్లో ఉన్నది నలుపు తెలుపు జెరాక్స్. కలర్ స్కాన్ కావాలని నేను మెయిల్ పెట్టించాను. వారం తర్వాత ఏజెంటు నుంచి వచ్చింది. గరుడ ఆకుపచ్చగా ఉంది. బ్రోషర్‌లో "చనోట్ ల్యాండ్" అని రాసి ఉంది.

రంగు గురించి ఇంత చెప్పడానికి కారణం ఫుకెట్ చరిత్ర. 1954లో భూచట్టం వచ్చినప్పుడు రైతులు తమ స్వాధీనంలో ఉన్న నేలను ప్రకటిస్తూ సోర్ కోర్ 1 అనే కాగితం తీసుకున్నారు. తర్వాత రోజుల్లో ఎక్కడో ఉన్న నేల తాలూకు ఆ కాగితాన్ని ఇంకెక్కడో, అడవిలోనో కొండ మీదో ఉన్న స్థలానికి తగిలించి హక్కు పత్రాలు పుట్టించారు. అక్కడివాళ్ళు దీన్ని "ఎగిరే సోర్ కోర్ 1" అంటారు. కాగితం ఎగిరొచ్చి వాలిందన్నమాట. 2010 తర్వాత సిరినాత్ జాతీయ పార్కు పరిధిలో ఇలాంటి పత్రాల మీద పెద్ద ఎత్తున దర్యాప్తులు నడిచాయి, రిసార్టులకు నోటీసులు వెళ్ళాయి. అలాంటి చోట విల్లా కొన్న విదేశీయుడు డెవలపర్‌తో కాదు, ఏకంగా ప్రభుత్వంతోనే వివాదంలో పడతాడు. 2024 ఆగస్టులో కరోన్ దగ్గర కొండచరియలు విరిగిపడి 13 మంది చనిపోయాక, కొండ వాలు మీద కట్టడాల గురించి అక్కడ ప్రశ్నలు ఇంకా గట్టిగా వస్తున్నాయి. "సీ వ్యూ" అంటే కొండ వాలే కదా.

పత్రం మీద ఇంకొకటి గమనించాలి, సంవత్సరం. థాయ్ పత్రాల్లో బౌద్ధ శకం వాడతారు. 2566 అంటే మన 2023. 543 తీసేయాలి. బావగారు దాన్ని ప్రింటింగ్ తప్పనుకుని వదిలేశారు. కలర్ స్కాన్‌తో వచ్చిన వెనక పేజీలో తాకట్టు నమోదు తేదీ కూడా అదే శకంలో ఉంది. లెక్క వేస్తే ఆయన మొదటి వాయిదా కట్టడానికి ఐదు నెలల ముందే ఆ నేల ఒక బ్యాంకు తాకట్టులో ఉంది.

సైప్రస్‌లో ఇది ముందే జరిగింది

తాకట్టు మాట వచ్చింది కాబట్టి సైప్రస్ గురించి చెప్పాలి. సెలవుల ద్వీపంలో ఇల్లు కొని విదేశీయులు చిక్కుకున్న కథ అక్కడ పెద్ద ఎత్తున జరిగింది.

2000ల మధ్యలో బ్రిటన్ నుంచి రిటైరైనవాళ్ళు వేలల్లో అక్కడ ఇళ్ళు కొన్నారు. పూర్తి డబ్బు కట్టారు, ఇళ్ళలో చేరారు, మొక్కలు నాటుకున్నారు. టైటిల్ మాత్రం డెవలపర్ పేరుతోనే ఉండిపోయింది. డెవలపర్ ఆ నేలను అంతకుముందే బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకున్నాడు. 2013లో సైప్రస్ బ్యాంకులు కూలినప్పుడు డెవలపర్లూ కూలారు. అప్పు ఎవరిదైనా బ్యాంకు కన్ను పడేది నేల మీదే, ఆ నేల మీద ఉన్నది వీళ్ళ ఇల్లు. చివరికి 2015లో ఆ దేశం చిక్కుకుపోయిన కొనుగోలుదారుల కోసమే ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. దాన్నీ బ్యాంకులు కోర్టుల్లో సవాలు చేశాయి. చాలామంది స్విస్ ఫ్రాంకుల్లో అప్పు తీసుకుని ఉండటంతో, ఫ్రాంకు విలువ పెరిగేకొద్దీ కట్టేకొద్దీ అప్పు పెరిగింది. అది ఇంకో దెబ్బ.

ఉత్తర సైప్రస్‌ది మరో రకం. 1974లో ద్వీపం రెండుగా చీలినప్పుడు గ్రీకు సైప్రియట్లు వదిలి వెళ్ళిన నేలల మీద అక్కడ విల్లాలు కట్టి చవగ్గా అమ్మారు. ఒక బ్రిటిష్ జంట అలా కొంటే అసలు యజమాని కోర్టుకెళ్ళాడు. దక్షిణ సైప్రస్ కోర్టు తీర్పును యూరప్ అంతటా అమలు చేయాల్సిందేనని 2009లో యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది. అంటే ఇంగ్లండ్‌లో ఉన్న వాళ్ళ సొంత ఇల్లు కూడా ప్రమాదంలో పడింది.

బ్రిటిష్ వాళ్ళకు అక్కడ ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది, సైప్రస్ చట్టం కూడా చాలా వరకు బ్రిటన్ పోలికే. అయినా అంత అయింది. మనకు భాష వేరు, చట్టం వేరు.

అద్దె గ్యారంటీ ఎవరిచ్చారు?

బావగారిని ఒప్పించింది సముద్రం కాదు. "ఐదేళ్ళ పాటు ఏడాదికి 7 శాతం గ్యారంటీ" అన్న వాక్యం. అక్క కూడా దానికే సరే అంది. పిల్లవాడి చదువుకు అక్కరకొస్తుందని.

ఆ గ్యారంటీ కాగితం విడిగా ఉంది. దాని మీద సంతకం చేసింది విల్లా అమ్మిన కంపెనీ కాదు, నిర్వహణ కంపెనీ అని ఇంకొకటి. పేరులో మొదటి రెండు మాటలు ఒకటే కావడంతో ఎవరికీ తేడా తెలియలేదు. థాయ్ వ్యాపార నమోదు శాఖ రికార్డులో దాని మూలధనం 10 లక్షల బాత్‌లు. ఎన్ని విల్లాలకు గ్యారంటీ ఇచ్చినా ఆ కంపెనీ వెనక ఉన్నది అంతే. పరిమిత బాధ్యత కంపెనీ కాబట్టి వాటాదారుల ఇంటి దాకా వెళ్ళలేం. మన ఊళ్ళో చిట్టీ వేసేటప్పుడు కూడా పూచీ ఎవరిదని అడుగుతాం. ఇక్కడ ఎవరూ అడగలేదు.

ఇంకా లోపలికి వెళితే, మొదటి రెండు మూడేళ్ళు ఇచ్చే గ్యారంటీ సొమ్ము చాలాసార్లు ముందే ధరలో కలిపి వసూలు చేసినదే. మీ డబ్బే మీకు వాయిదాల్లో తిరిగొస్తుంది. పైగా రోజువారీ అద్దెకు ఇవ్వాలంటే 2004 హోటల్ చట్టం కింద లైసెన్సు కావాలి, లేదా చిన్న వసతులకు ఉన్న మినహాయింపు కింద తెలియజేయాలి. 2018లో హువా హిన్ కోర్టు, కాండో ఫ్లాట్లను లైసెన్సు లేకుండా రోజుల లెక్కన అద్దెకివ్వడం తప్పని తీర్పు చెప్పింది. లైసెన్సు ఉందా అని నేను అడిగించాను. జవాబు రాలేదు.

డబ్బు వెళ్ళిన దారి

ఇది త్వరగా చెబుతాను, కానీ దాటేసేది కాదు. మన నుంచి విదేశానికి ఆస్తి కోసం డబ్బు పంపాలంటే విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఎల్ఆర్ఎస్ పథకం కింద ఒక్కో మనిషి ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. ఇందుకోసం మన బ్యాంకులు అప్పు ఇవ్వకూడదు. 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. రిటర్న్‌లో సర్దుకోవచ్చు, కానీ ఈలోగా డబ్బు ఇరుక్కుంటుంది. విదేశీ ఆస్తిని ఐటీ రిటర్న్‌లో చూపించకపోతే 2015 నల్లధన చట్టం కింద 10 లక్షల జరిమానా పడొచ్చు. కాండోను సొంత పేరున (ఫ్రీహోల్డ్) కొనేవాళ్ళు డబ్బును డాలర్లలాంటి విదేశీ కరెన్సీలోనే పంపి, అక్కడి బ్యాంకులో బాత్‌లుగా మార్పించి, ఆ బ్యాంకు ఇచ్చే పత్రం దాచుకోవాలి. ఆ రుజువు లేకపోతే ల్యాండ్ ఆఫీసు విదేశీయుడి పేరున రిజిస్టర్ చేయదు. ఇక్కడే బాత్‌లుగా మార్చి పంపినవాళ్ళు ఈ దగ్గర ఆగిపోతారు.

బావగారి పరిమితి చాలదేమోనని సగం డబ్బు అక్క ఖాతా నుంచి వెళ్ళింది. ఒప్పందంలో మాత్రం కొనుగోలుదారుగా ఒక్క బావగారి పేరే ఉంది.

కేసు ఎక్కడ?

ఇక్కడ బిల్డర్లను అదుపు చేసే రెరా ఉంది. 2016 చట్టం ప్రకారం కొనేవాళ్ళ దగ్గర తీసుకున్న దాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉంచాలి. కర్ణాటక రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేరు కొడితే వివరాలు వస్తాయి. మనకు అది అలవాటైపోయి, ప్రపంచమంతా అలాగే ఉంటుందనుకుంటున్నాం. థాయ్‌లాండ్‌లో కొనేవాళ్ళ డబ్బును మూడో పక్షం దగ్గర ఉంచే 2008 నాటి ఎస్క్రో చట్టం ఉంది కానీ అది ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే. నేను చూసిన ఏ ఒప్పందంలోనూ ఒప్పుకోలేదు.

బెంగళూరులో కేసు వేసి గెలిచినా ఆ తీర్పును థాయ్ కోర్టులు అమలు చేయవు. అక్కడ మళ్ళీ మొదటి నుంచి దావా వేయాలి. మన తీర్పు ఒక సాక్ష్యంగా మాత్రం పనికొస్తుంది. మధ్యవర్తిత్వం సంగతి వేరు. విదేశీ మధ్యవర్తుల తీర్పుల్ని అమలు చేస్తామన్న న్యూయార్క్ ఒప్పందంలో భారత్, థాయ్‌లాండ్ రెండూ ఉన్నాయి కాబట్టి, సంతకం పెట్టే ముందే సింగపూర్‌లాంటి చోట ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వం) అని రాయించుకుంటే ఆ మధ్యవర్తి తీర్పు ఫుకెట్‌లోనూ అమలవుతుంది. రాయించుకోకపోతే ఫుకెట్ కోర్టే దిక్కు, విచారణ థాయ్ భాషలో. బావగారి ఒప్పందం రెండు నిలువు వరుసల్లో ఉంది, ఎడమ థాయ్, కుడి ఇంగ్లీషు. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో: తేడా వస్తే థాయ్ పాఠమే చెల్లుతుంది. ఎడమ వరుసను నమ్మకమైనవాళ్ళతో చదివించుకోకుండా సంతకం పెట్టడం ఖాళీ కాగితం మీద పెట్టినట్టే.

అలాగని అక్కడ దారులు లేవని కాదు. 2008 వినియోగదారుల కేసుల చట్టం కింద దావా వేస్తే మొదట కోర్టు ఫీజు కట్టక్కర్లేదు, సాధారణ దావాకైతే అడిగిన మొత్తంలో 2 శాతం దాకా అవుతుంది. అదే చట్టం ప్రకటనల్లో, బ్రోషర్లలో చెప్పిన మాటల్ని ఒప్పందంలో భాగంగానే చూస్తుంది. అందుకే ఆ "చనోట్ ల్యాండ్" బ్రోషర్ ఇప్పుడు మా ఫైల్లో అన్నిటికంటే విలువైన కాగితం. వినియోగదారుల రక్షణ బోర్డుకు కూడా ఫిర్యాదు చేయొచ్చు. మీరు వినియోగదారు కాదు, అద్దెల కోసం కొన్న పెట్టుబడిదారు అని అవతలివాళ్ళు వాదిస్తారు. దానికి సిద్ధంగా ఉండాలి.

మోసం కింద క్రిమినల్ ఫిర్యాదు ఇవ్వాలంటే, మోసమూ చేసినవాళ్ళూ ఎవరో తెలిసిన రోజు నుంచి మూడు నెలలే గడువు. "ఇంకోసారి మాట్లాడి చూద్దాం" అని ఊరుకునేవాళ్ళు పోగొట్టుకునేది ఇదే. బావగారు ఏడు నెలలు ఊరుకున్నారు. అయితే తాకట్టు సంగతి మాకు తెలిసింది కలర్ స్కాన్ వచ్చాకే. ఆ తేదీ నుంచి లెక్కించాలని అక్కడి లాయర్ వాదన. ఆ మెయిల్‌ను మూడు చోట్ల దాచాం.

కడుపు మండి ఆన్‌లైన్‌లో పేర్లు పెట్టి రాయాలనిపిస్తుంది. ఆ పని చేయకండి. థాయ్‌లాండ్‌లో పరువు నష్టం నేరం. ప్రచురించి చేస్తే రెండేళ్ళ వరకు శిక్ష. 2020లో ఒక హోటల్ గురించి చెడ్డ రివ్యూ రాసినందుకు అక్కడే ఉంటున్న ఒక అమెరికన్‌ను అరెస్టు చేశారు. డబ్బు పోయినవాళ్ళే ముద్దాయిలు కావడం కంటే ఘోరం లేదు.

ఇక్కడ సరుకు అమ్మిన ఏజెంటు మీద మన వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్ళోనే ఫిర్యాదు వేసుకునే వీలుంది. చిక్కు ఏమిటంటే ఏజెంటుకు కమీషన్ ఇచ్చింది డెవలపర్, మనం కాదు. మేం డబ్బు తీసుకోలేదు కదా అని వాళ్ళు అక్కడ పట్టుకుంటారు. అయినా వేయమనే నా సలహా. ఆ హాల్లో మైకు పట్టుకుని 90 ఏళ్ళు అన్నది వాళ్ళే.

నా అనుభవంలో అన్నిటికంటే పని చేసేది ఇంకొకటి. అదే ప్రాజెక్టులో చిక్కుకున్న మిగతావాళ్ళను వెతికి పట్టుకోవడం. మా ప్రాజెక్టులో ఇప్పటికి పదకొండు కుటుంబాలు దొరికాయి. రష్యన్లు, ఇద్దరు ఆస్ట్రేలియన్లు, చెన్నై నుంచి ఒక జంట. ఒక్కొక్కరు విడివిడిగా లాయర్‌ను పెట్టుకుంటే డెవలపర్‌కు సుఖం, ఒకరితో రాజీ పడి ఇంకొకరిని ఆపుతాడు. అందరూ ఒకే లాయర్‌తో తాకట్టు పట్టిన బ్యాంకు దగ్గరకు వెళితే మాట వేరు. సగం కట్టిన విల్లాలు వేలానికి పెడితే బ్యాంకుకు ఏం వస్తుంది? మిగతా వాయిదాలు కట్టడానికి సిద్ధంగా ఉన్న పదకొండు మంది దానికి అంతకంటే నయం. ఇప్పుడు ఆ మాటలే జరుగుతున్నాయి. డబ్బు మొత్తం వస్తుందని నేను బావగారికి చెప్పలేదు, చెప్పను కూడా. ఒప్పందం రద్దయి తిరిగి వస్తే ఆలస్యానికి చట్టం ఇచ్చే వడ్డీ 2021 నుంచి ఏడాదికి 5 శాతం. దానికంటే ముందు ఆ కంపెనీలో డబ్బంటూ మిగిలి ఉండాలి.

వచ్చే మంగళవారం పవర్ ఆఫ్ అటార్నీ ధ్రువీకరణ కోసం చెన్నైలోని థాయ్ కాన్సులేట్‌కు వెళ్ళాలి. నోటరీ, విదేశాంగ శాఖ ముద్ర అయ్యాయి. మొదట బావగారి పేరుతోనే తయారు చేశాం. డ్రాఫ్టు చూసి లాయర్ ఫోన్ చేసి, సగం డబ్బు పంపినావిడ ఎక్కడ, ఆమె సంతకం లేకపోతే ఆ సగాన్ని ఎవరు అడుగుతారు అన్నారు. మళ్ళీ రాయించాం. నిన్న రాత్రి అదే డైనింగ్ టేబుల్ దగ్గర అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ప్రతి పేజీ కింద పాస్‌పోర్టులో ఉన్నట్టే సంతకం పెట్టాలని చెబితే, పాస్‌పోర్టు పక్కన తెరిచి పెట్టుకుని, ఒక్కో పేజీ చదివి, చదివాకే పెట్టింది. పదహారు పేజీలకు గంటన్నర పట్టింది. బావగారు ఆమె పక్కనే కూర్చుని పేజీలు తిప్పుతూ ఉన్నారు.